ఓవర్‌క్లాకింగ్‌కు మదర్‌బోర్డు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌నో మెమరీనో తయారీదారు పెట్టిన వేగం దాటించి నడపడం. ప్రాసెసర్ ఎంత వేగం అందుకోగలదన్నది చాలావరకు దాని సిలికాన్‌లోనే ఉంటుంది. మంచి మదర్‌బోర్డు ఆ వేగానికి కొత్తగా ఏమీ చేర్చదు, దానికి అడ్డం పడదు. బోర్డులు అడ్డం పడే తీరు తెలిస్తే ఎంపిక సగం తేలిపోయినట్టే. ప్రాసెసర్ అడిగినంత కరెంటు ఇవ్వలేకపోవడం, ఇస్తూ ఇస్తూ వేడెక్కి వెనక్కి తగ్గడం, వోల్టేజీని నిలకడగా ఉంచలేకపోవడం, మెమరీ సిగ్నళ్లను పాడుచేయడం, ఒక్క సెట్టింగు తప్పితే మళ్లీ లేవకుండా మొండికేయడం. పెట్టెమీద పెద్దక్షరాల్లో రాసే గొప్పల్లో చాలావాటికి ఈ ఐదింటితో సంబంధమే ఉండదు.

చిప్‌సెట్‌తో మొదటి వడపోత

ఇంటెల్‌లో మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచాలంటే పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్ (కెఎఫ్, కెఎస్ కూడా ఇందులోకే వస్తాయి), జెడ్ వరుస చిప్‌సెట్ (బోర్డు మీద ఉండే సహాయక చిప్) రెండూ కావాలి. ఎల్‌జీఏ1700 సాకెట్‌కైతే జెడ్690 లేదా జెడ్790, ఎల్‌జీఏ1851కైతే జెడ్890. బీ660, బీ760 బోర్డుల్లో మెమరీ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ మల్టిప్లయర్ కదలదు. హెచ్610లో ఆ రెండూ లేవు. బీ వరుస బోర్డులో కె లేని ప్రాసెసర్ పెట్టి మెమరీ ఒక్కటైనా గట్టిగా పెంచుదామనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కె లేని చిప్‌లలో చాలావాటికి సిస్టమ్ ఏజెంట్ వోల్టేజీ మార్చే వీలు లేకుండా బిగించేశారు. మెమరీ కంట్రోలర్‌కు ఊతమిచ్చేది ఆ వోల్టేజీయే కాబట్టి, బోర్డు ఎంత మంచిదైనా ఒక స్థాయి దగ్గర ఆగిపోతారు.

ఏఎండీలో తలుపులు ఎక్కువే తెరిచి ఉంటాయి. ఏఎం5 సాకెట్‌లో బీ650, బీ650ఇ, ఎక్స్670, ఎక్స్670ఇ, బీ850, ఎక్స్870, ఎక్స్870ఇ అన్నిటిలోనూ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయొచ్చు. ఏ620, బీ840 బోర్డుల్లో మాత్రం మెమరీతో సరిపెట్టుకోవాలి. పాత ఏఎం4లో బీ350, ఎక్స్370, బీ450, ఎక్స్470, బీ550, ఎక్స్570 పనికొస్తాయి. ఏ320, ఏ520 పనికిరావు. ఎక్స్ అక్షరం ఉంటే ఓవర్‌క్లాకింగ్ బాగా వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. ఎక్స్670 అంటే బీ650లో ఉన్న చిప్‌నే రెండు పెట్టడం. దానివల్ల పెరిగేవి యూఎస్‌బీ పోర్టులు, పీసీఐఇ లేన్‌లు. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగానికీ చిప్‌సెట్‌కూ లంకె లేదు. గట్టి వీఆర్‌ఎం (ఆ కరెంటు ఇచ్చే భాగం) ఉన్న బీ650, నాసిరకం ఎక్స్670 కంటే ఓవర్‌క్లాకింగ్‌కు మేలు.

బోర్డు సంగతికి ముందు మీ ప్రాసెసర్ ఎంతవరకు ఒప్పుకుంటుందో చూసుకోండి. రైజెన్ 7 5800ఎక్స్3డీకి మల్టిప్లయర్ బిగించేసి ఉంటుంది. 7800ఎక్స్3డీలో మల్టిప్లయర్ పెరగదు గానీ కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో వేగానికి వాడే వోల్టేజీని సవరించే సెట్టింగు) పనిచేస్తుంది. 9800ఎక్స్3డీ పూర్తిగా తెరిచి ఉంది. 7800ఎక్స్3డీ కోసం 20 పవర్ స్టేజీల (వీఆర్‌ఎంలో కరెంటు అందించే ముక్కల) బోర్డు కొనడం వల్ల వేగంలో ఒరిగేదేమీ లేదు. ఆ చిప్ అంత కరెంటు ఎన్నడూ తాగదు.

వీఆర్‌ఎం: డబ్బు పెట్టాల్సిన చోటు

పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావాల్సింది ఇంచుమించు 1.1 నుంచి 1.4 వోల్టులు. ఈ దించే పని చేసేది సాకెట్ చుట్టూ ఉండే వోల్టేజ్ రెగ్యులేటర్, అంటే వీఆర్‌ఎం. వోల్టేజీ తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది. కోర్ ఐ9-13900కె పూర్తి భారం మీద 253 వాట్లు తీసుకుంటే, 1.2 వోల్టుల దగ్గర అది సుమారు 210 ఆంపియర్లు. గోరంత వెడల్పున్న భాగాల గుండా అంత కరెంటు వెళ్తోందన్నమాట. పరిమితులు తీసేసి ఓవర్‌క్లాక్ చేస్తే ఇది ఇంకా పైకి పోతుంది.

వీఆర్‌ఎంలో మూడు ముఖ్యమైన ముక్కలున్నాయి. ఎప్పుడు ఏ స్టేజీ పనిచేయాలో చెప్పే కంట్రోలర్ చిప్ ఒకటి. కరెంటును ఆన్, ఆఫ్ చేసే పవర్ స్టేజీలు రెండోది. ఆ తునకలను చదును చేసే చోక్‌లు, కెపాసిటర్లు మూడోది. చవక బోర్డుల్లో పవర్ స్టేజీ బదులు పైన ఒకటి, కింద ఒకటో రెండో విడివిడి మాస్‌ఫెట్‌లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఉంటాయి. అవి ఎక్కువ వేడెక్కుతాయి, తమ ఉష్ణోగ్రతనూ కరెంటునూ కంట్రోలర్‌కు కచ్చితంగా చెప్పలేవు. ఓవర్‌క్లాకింగ్ అనుకున్నప్పుడు ఇంటిగ్రేటెడ్ పవర్ స్టేజీలున్న బోర్డుతోనే లెక్క మొదలుపెట్టండి.

పెట్టెమీద 14+2+1 అని ఉంటే మొదటి అంకె ప్రాసెసర్ కోర్‌లకు, రెండోది ఏఎండీలో ఎస్ఓసీకి (మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి), ఇంటెల్‌లో లోపలి గ్రాఫిక్స్‌కు, చివరిది మిగతా చిన్న వోల్టేజీలకు. మొత్తం కలిపి 17 ఫేజ్‌లని (వంతులవారీగా కరెంటు ఇచ్చే విభాగాలని) ప్రకటించినా మీకు పనికొచ్చేది 14. ఆ 14 కూడా నిజంగా 14 వేర్వేరు ఫేజ్‌లు కానక్కర్లేదు. కంట్రోలర్ ఏడు సంకేతాలే ఇచ్చి, ఒక్కో సంకేతానికి రెండేసి పవర్ స్టేజీలను జంటగా కట్టి ఉండొచ్చు. లేదా మధ్యలో డబ్లర్ చిప్ పెట్టి సంకేతాన్ని వంతులవారీగా పంచి ఉండొచ్చు. జంట కట్టిన తీరులో భారం ఉన్నట్టుండి మారినప్పుడు స్పందన వేగంగా ఉంటుంది, డబ్లర్‌తో అలలు కొంచెం తగ్గుతాయి. గాలితో, నీటితో చల్లబరిచే మామూలు ఓవర్‌క్లాకింగ్‌లో ఈ రెంటి మధ్య తేడా మీ చేతికి అందేంత ఉండదు. దీనిమీద జరిగే వాదనల్లో సమయం పోగొట్టుకోవద్దు. మొత్తం స్టేజీలు ఎన్ని, ఒక్కోటి ఎంతటిది, వాటిమీద హీట్‌సింక్ ఎలాంటిది అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

స్టేజీల సంఖ్య వేడిని ఎలా మారుస్తుందో ఒక లెక్కతో చూద్దాం. 200 ఆంపియర్లు ఆరు స్టేజీల మీద పడితే ఒక్కోదానికి 33. అదే 14 స్టేజీల మీద పడితే 14 చిల్లర. కరెంటు పారేటప్పుడు పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి స్టేజీల రకం ఒకటే అయితే, 14 స్టేజీలన్నీ కలిసి పుట్టించే ఈ రకం వేడి ఆరు స్టేజీల దానిలో 43 శాతమే. ఆన్, ఆఫ్ అయ్యేటప్పుడు పోయే శక్తి మాత్రం స్టేజీలతోపాటు పెరుగుతుంది. అందుకే 90 వాట్ల ప్రాసెసర్ మీద 20 స్టేజీల బోర్డు పెద్దగా లాభం చూపించదు. భారం పెరిగిన కొద్దీ దాని విలువ బయటపడుతుంది. మొత్తం మీద చూస్తే, ప్రాసెసర్‌కు 200 వాట్లు ఇచ్చే వీఆర్‌ఎం సామర్థ్యం 85 శాతమైతే అది 35 వాట్లు వేడిగా పారబోస్తుంది, 90 శాతమైతే 22, 94 శాతమైతే 13. వేలెడంత హీట్‌సింక్‌కు 35 వాట్లకూ 13 వాట్లకూ మధ్య ఉన్నది బతుకూ చావూ తేడా.

పవర్ స్టేజీ మీద రాసి ఉండే 50, 60, 90 ఆంపియర్ల రేటింగును స్టేజీల సంఖ్యతో గుణించి, ఈ బోర్డు 840 ఆంపియర్లు ఇస్తుందని అనుకోకండి. ఆ అంకె అనుకూలమైన చల్లదనంలో ఆ భాగం తట్టుకునే గరిష్ఠం. బాగా పనిచేసేది అందులో మూడో వంతు, సగం దగ్గరే. రేటింగు వాడాల్సింది పోల్చడానికి. ఇది తెలియాలంటే చిప్ మీద ఉన్న నంబరు చూడాలి. ఐఎస్ఎల్99360 అంటే 60 ఆంపియర్లు, ఐఎస్ఎల్99390 అంటే 90, టీడీఏ21472 అంటే 70, టీడీఏ21490 అంటే 90, ఎస్ఐసీ654 అంటే 50, ఆర్‌ఏఏ220105 అంటే 105. హీట్‌సింక్ విప్పి చూపించే సమీక్షల్లో ఈ నంబర్లు కనిపిస్తాయి. ఒక చిక్కు ఉంది: అదే మోడల్ పేరుతో రివిజన్ 1.0, 1.2 అంటూ వేర్వేరు భాగాలతో వచ్చే బోర్డులున్నాయి. సమీక్షలో చూసిన రివిజన్, మీ చేతికి వచ్చేది ఒకటేనా అని సరిచూసుకోవాలి. రివిజన్ నంబరు సాధారణంగా బోర్డు మూలన ముద్రించి ఉంటుంది.

హీట్‌సింక్ విషయంలో కంటిని నమ్మొచ్చు. గాలి దూరడానికి రెక్కల్లా చీలికలుండాలి. నున్నటి అల్యూమినియం దిమ్మ మీద ప్లాస్టిక్ తొడుగు వేసి, లైట్లు పెట్టి, రెక్కలు మరిచిన బోర్డులు చాలానే ఉన్నాయి. దిమ్మ బరువుగా ఉంటే వేడెక్కడానికి సమయం పడుతుందంతే. పది నిమిషాల పరీక్షలో బాగున్నట్టు కనిపించి, గంట రెండరింగ్‌లో ఉడికిపోతుంది. సాకెట్ ఎడమ పక్కనా పైనా ఉన్న రెండు దిమ్మలను కలుపుతూ హీట్‌పైప్ ఉంటే మంచిది. స్క్రూలతో బిగించినది, స్ప్రింగు పిన్నులతో ఆనించినదానికంటే నయం. పైవరుస స్టేజీల మీద అసలు హీట్‌సింకే లేని బోర్డును ఓవర్‌క్లాకింగ్ జాబితాలోంచి తీసేయండి.

ఇంత మంచి హీట్‌సింక్ ఉన్నా దానిమీదుగా గాలి పోకపోతే ఫలితం ఉండదు. టవర్ కూలర్ ఉన్నప్పుడు దాని ఫ్యాన్ గాలి కొంత వీఆర్‌ఎం మీదికి వస్తుంది. లిక్విడ్ కూలర్ పెట్టగానే సాకెట్ చుట్టూ గాలి స్తంభించిపోతుంది. ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, ఎక్కువ వాట్లు తాగుతుంది, వీఆర్‌ఎం మాత్రం మునుపటికంటే వేడెక్కుతుంది. ప్రాసెసర్ 75 డిగ్రీల దగ్గర ఉన్నా వేగం ఉన్నట్టుండి పడిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కేసు వెనకాల, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉంటే చాలావరకు తీరుతుంది.

సమీక్షల్లో వీఆర్‌ఎం అంకెలను చదివే తీరు

‘వీఆర్‌ఎం 68 డిగ్రీలు’ అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. గది ఉష్ణోగ్రత ఎంత? ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతోంది? ఎంతసేపు నడిపారు? గాలి ఉందా? కొలిచింది బోర్డు సెన్సరా, వెనక అంటించిన థర్మోకపులా (ఉష్ణోగ్రత కొలిచే తీగా)? గది 20 డిగ్రీలప్పుడు 68 అంటే పెరుగుదల 48 డిగ్రీలు. మీ గది 35 డిగ్రీలైతే అదే బోర్డు 83 చూపిస్తుంది. ఎప్పుడూ ఈ తేడానే పోల్చండి. కనీసం అరగంట, ప్రాసెసర్ స్థిరంగా ఫలానా వాట్ల దగ్గర ఉందని చెప్పిన పరీక్షలకే విలువ ఇవ్వండి.

పవర్ స్టేజీలు 100 డిగ్రీలు దాటినా పనిచేస్తాయి. అయితే పక్కనే ఉన్న కెపాసిటర్ల గతి వేరు. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటల ఆయుష్షు ఉన్న సాలిడ్ పాలిమర్ కెపాసిటర్, 20 డిగ్రీలు తగ్గిస్తే ఇంచుమించు పది రెట్లు ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి మీరు రోజూ నడిపే అత్యధిక భారం మీద వీఆర్‌ఎం 90 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం తెలివైన పని. 105, 110 దాటాక చాలా బోర్డులు తమంతట తామే ప్రాసెసర్‌ను వెనక్కి లాగుతాయి.

ఏ ప్రాసెసర్‌కు ఎంత బోర్డు

ఏఎం5లో లెక్క తేలిక. 65 వాట్లని ప్రకటించిన ప్రాసెసర్ సాకెట్ నుంచి నిజంగా తీసుకునే పరిమితి 88 వాట్లు, 105 వాట్లదానికి 142, 170 వాట్లదానికి 230. వీటితోపాటు టీడీసీ (నిలకడగా), ఈడీసీ (క్షణకాలం) అనే కరెంటు పరిమితులుంటాయి: 65 వాట్లకు 75, 150 ఆంపియర్లు, 105 వాట్లకు 110, 170, 170 వాట్లకు 160, 225. పీబీఓ (ఈ పరిమితులను పెంచే ఏఎండీ సెట్టింగు) తెరిచి బోర్డు పరిమితులు పెట్టినప్పుడు ఇవి పైకి పోతాయి. ఆరు, ఎనిమిది కోర్ల చిప్‌లకు 50 లేదా 60 ఆంపియర్ల స్టేజీలు ఎనిమిది నుంచి పది ఉంటే బోలెడు. 12, 16 కోర్ల చిప్‌లకు పీబీఓ తెరవాలంటే 60 నుంచి 80 ఆంపియర్లవి 12 లేదా 14 చూసుకోండి.

ఇంటెల్‌లో ఐ5 కె చిప్‌కు 12 స్టేజీలు హాయిగా సరిపోతాయి. ఐ7, ఐ9 కె చిప్‌లను 253 వాట్ల పైకి తీసుకెళ్లాలంటే 70 ఆంపియర్లకు తక్కువ కాని స్టేజీలు 16 ఉన్నదాన్ని, రెక్కల హీట్‌సింక్‌తో తీసుకోండి. అంతకుమించినవి ద్రవ నైట్రోజన్‌తో పోటీలకు దిగేవాళ్ల కోసం. మిగిలిన డబ్బు మంచి కూలర్‌కో మంచి మెమరీకో పెడితే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లు పెట్టెలోంచి తీసేసరికే తమ పరిమితికి చాలా దగ్గరగా నడుస్తాయి కాబట్టి, ఈ సలహాకు మునుపటికంటే ఇప్పుడే బరువెక్కువ.

వోల్టేజీ నిలకడ, లోడ్‌లైన్

భారం పడగానే ప్రాసెసర్‌కు చేరే వోల్టేజీ కొంత పడిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. ఎంత పడాలో చెప్పే కొలతే లోడ్‌లైన్. అది 1.1 మిల్లీఓమ్‌లైతే 200 ఆంపియర్ల దగ్గర 0.22 వోల్టు పడుతుంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగులుండే సాఫ్ట్‌వేర్‌లో) 1.35 పెట్టినా భారం మీద మిగిలేది 1.13. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ ఈ పతనాన్ని తగ్గిస్తుంది. దాన్ని గరిష్ఠానికి పెడితే పతనం ఉండదు గానీ, భారం ఒక్కసారిగా తొలగిన క్షణంలో వోల్టేజీ పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది. ఆ ఎగురు మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు, ఆసిలోస్కోపుకే కనిపిస్తుంది. ప్రాసెసర్‌ను నెమ్మదిగా తినేసేది అదే. మధ్య స్థాయి ఎంచుకుని, అవసరమైతే వోల్టేజీ ఒక మెట్టు పెంచడం సరైన దారి.

స్థాయిలకు పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉండడం అసలైన ప్రమాదం. ఏసుస్‌లో అంకె పెరిగిన కొద్దీ బిగువు పెరుగుతుంది. ఎంఎస్ఐలో మోడ్ 1, ఏఎస్‌రాక్‌లో లెవెల్ 1 అన్నిటికన్నా బిగువైనవి. అంకె పెరిగితే సడలుతుంది. గిగాబైట్‌లో లో, మీడియం, హై, టర్బో, ఎక్స్‌ట్రీమ్ అని మాటల్లో ఉంటుంది. ఒక బోర్డు కోసం రాసిన సెట్టింగులను ఇంకో కంపెనీ బోర్డులో యథాతథంగా దింపితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బయోస్‌లో లోడ్‌లైన్ స్థాయిలను చిన్న గ్రాఫుతో చూపించే బోర్డు అయితే కొత్తవాళ్లకు ఎంతో మేలు.

కొనేముందు ఇంకో ప్రశ్న: బోర్డు చూపించే వోల్టేజీ ఎక్కడ కొలిచింది? సాకెట్ దగ్గర కొలిచిన అంకె, భారం మీద, డై (ప్రాసెసర్ సిలికాన్ ముక్క) లోపల నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. డై సెన్స్ ఉన్న బోర్డు నిజానికి దగ్గరగా చెబుతుంది. లేకపోతే సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రాములో వీఆర్‌ఎం కంట్రోలర్ పేరు కింద వచ్చే అవుట్‌పుట్ వోల్టేజీని నమ్ముకోండి. ఆ పేరే కనబడకపోతే ఆ బోర్డు మీతో సగమే మాట్లాడుతోందని అర్థం.

మెమరీ: స్లాట్లు తగ్గితే వేగం పెరుగుతుంది

డీడీఆర్5 రకం మెమరీలో సిగ్నల్ దారి ఎంత పొట్టిగా, ఎంత శుభ్రంగా ఉంటే అంత వేగం. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావరకు డెయిజీ చెయిన్ అమరికే. అంటే దారి మొదటి స్లాట్ మీదుగా వెళ్లి రెండోదాని దగ్గర ముగుస్తుంది. రెండు స్టిక్‌లే ఉన్నప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటి, మూడో స్లాట్లలో పెడితే వాటి వెనక మిగిలిపోయిన తోక సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, వేగం నిలబడదు. మెమరీలో అంచులు చూడాలనుకుంటే రెండే స్లాట్లున్న బోర్డు ఎంచుకోండి. చిన్న మినీ ఐటీఎక్స్ బోర్డులు మెమరీలో పెద్దవాటిని దాటిపోవడానికి కారణం ఇదే. వాటిలో వీఆర్‌ఎంకు చోటు తక్కువన్నది దానికి చెల్లించే మూల్యం.

బోర్డు పొరల సంఖ్య కూడా ఇక్కడే పనికొస్తుంది. డీడీఆర్5కు ఆరు పొరలు కనీసంగా పెట్టుకోండి. ఇంటెల్‌లో మెమరీ వేగం 7200 దాటి వెళ్లాలంటే ఎనిమిది పొరలదే వెతకండి. ఏఎం5లో అంత అక్కర్లేదు. మెమరీ, దాని కంట్రోలర్ ఒకే వేగంతో నడిచే 6000 దగ్గర చాలా చిప్‌లు స్థిరపడతాయి. 6400 అదృష్టాన్ని బట్టి. నాలుగు స్టిక్‌లు పెడితే ఏఎం5లో అధికారిక వేగం 3600కు పడిపోతుందని చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండు కొనండి, 16 జీబీవి నాలుగు వద్దు.

ఏఎం5లో 6000 కోసం ఎస్ఓసీ వోల్టేజీ 1.3ను మించనివ్వకండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయాక, బయోస్ నవీకరణలతో ఆ హద్దు పెట్టారు. అంతకుముందటి బయోస్‌తో వచ్చిన పాత సరుకు బోర్డు అయితే, ఎక్స్‌పో (మెమరీని దాని ప్రకటిత వేగానికి తెచ్చే ప్రొఫైల్; ఇంటెల్‌లో ఎక్స్ఎంపీ) ఆన్ చేయకముందే బయోస్ మార్చండి.

కింద పడ్డాక లేపే ఏర్పాట్లు

ఓవర్‌క్లాకింగ్ అంటేనే పదే పదే బూట్ కాకపోవడం. బోర్డు దాన్ని ఎలా తట్టుకుంటుందన్నది ఓపిక పరీక్షలో తేడా చూపిస్తుంది. రెండంకెల డీబగ్ డిస్‌ప్లే ఉంటే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చాలా బోర్డుల్లో 55 అంటే మెమరీ కనబడలేదని. అది లేకపోతే సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు లైట్లైనా ఉండాలి. వెనక ప్యానెల్ మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చే) బటన్ ఉంటే కేసు విప్పి, గ్రాఫిక్స్ కార్డు కింద దాక్కున్న జంపర్ కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది. ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ సౌకర్యం మాత్రం వదులుకోకండి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలు పేరును మాన్యువల్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా మార్చి, గుర్తు పెట్టిన పోర్టులోనే గుచ్చాలి. లైటు మెరిసి వెంటనే ఆగిపోతే నూటికి తొంభైపాళ్లు ఫైలు పేరు తప్పే.

పవర్ కనెక్టర్ల గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. ప్రాసెసర్‌కు కరెంటు తెచ్చే ఒక 8 పిన్ ఈపీఎస్ కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు నాలుగు. పిన్నుకు 7 ఆంపియర్లు లెక్కేసుకున్నా 336 వాట్లు. రెండో కనెక్టర్ ఉంటే, వైరు కూడా ఉంటే, పెట్టండి; వైర్లు చల్లగా ఉంటాయి. 250 వాట్ల లోపు వాడకానికి అది లేకపోయినా ఫరవాలేదు. ఫ్యాన్ హెడర్లు మామూలుగా ఒక ఆంపియర్ వరకే ఇస్తాయి. పంప్ కోసం రెండు, మూడు ఆంపియర్ల హెడర్ విడిగా ఉందో లేదో చూసుకోండి.

బయోస్ చరిత్ర

ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లకు బోర్డు కొంటున్నవాళ్లు ఆ మోడల్‌కు కొత్త బయోస్‌లు వస్తున్నాయా అని తప్పనిసరిగా చూడాలి. ఆ చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతూ క్రమంగా దెబ్బతింటున్నాయని తేలాక, 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) వచ్చింది. అది 1.55 వోల్టులు దాటి అడగకుండా ఆపింది. సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. ఈ మైక్రోకోడ్‌లు జరిగిన నష్టాన్ని బాగుచేయలేవు, ముందు జరగకుండా ఆపుతాయి. 0ఎక్స్12బీ గానీ అంతకంటే కొత్తది గానీ ఉన్న బయోస్ లేకుండా ఆ చిప్‌లను ఓవర్‌క్లాక్ చేయొద్దు.

బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే తమంతట తామే పరిమితులు ఎత్తేసే అలవాటు కూడా ఉంది. మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటి పేర్లతో ఉండే సెట్టింగును ఆపి, ప్రాసెసర్ తయారీదారు ఇచ్చిన పరిమితులతో మొదలుపెట్టండి. మీరు చేసిన మార్పుకు వచ్చిన ఫలితం ఏదో, బోర్డు చేసినది ఏదో అప్పుడే విడిగా తెలుస్తుంది. వారంటీ సంగతీ ఇక్కడే గుర్తుంచుకోండి. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగే నష్టం ప్రాసెసర్ వారంటీలోకి రాదు. ఎక్స్‌పో, ఎక్స్ఎంపీ ప్రొఫైళ్లను కూడా ఓవర్‌క్లాకింగ్‌గానే లెక్కిస్తారు.

ఇంటికొచ్చాక, తిరిగి ఇచ్చే గడువు లోపే

బోర్డును బిగించకముందే సాకెట్ పిన్నులను వెలుతురులో రెండు పక్కల నుంచి చూసి ఫొటోలు తీసుకోండి. ఇంటెల్‌లో, ఏఎం5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్కటి వంగినా ఒక మెమరీ చానెల్ మొత్తం కనబడకపోవచ్చు. వాడిన బోర్డు కొంటుంటే ఇది చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి. ఎల్‌జీఏ1700 మీద కాంటాక్ట్ ఫ్రేమ్ (ప్రాసెసర్‌ను సమంగా నొక్కి పట్టే చట్రం) పెట్టేవాళ్లకూ ఇదే హెచ్చరిక. స్క్రూలు అతిగా బిగిస్తే మెమరీ చానెల్ మాయమవుతుంది. కొద్దిగా సడలిస్తే తిరిగొస్తుంది.

తర్వాత క్రమం ఇది.

1. బయోస్‌ను కొత్తదానికి మార్చి, డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేయండి. ఏఎం5లో మొదటి బూట్‌కు మెమరీ ట్రైనింగ్ పేరుతో తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు పాడైందనుకుని మధ్యలో స్విచ్ కట్టేయకండి.

2. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేయకుండా ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ ఆర్23ను అరగంట తిప్పండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ప్రాసెసర్ వాట్లు, వీఆర్‌ఎం ఉష్ణోగ్రత, భారం మీద వోల్టేజీ రాసిపెట్టుకోండి. ఇక్కడే 90 డిగ్రీలు తాకితే పెంచడానికి చోటు లేనట్టే. కేసు గాలిని సరిచేసి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే అయితే తిరిగి ఇచ్చేయండి.

3. ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ఆన్ చేసి, మెమరీని విడిగా టెస్ట్‌మెమ్5తో గానీ మెమ్‌టెస్ట్86తో గానీ పరీక్షించండి. ఒక్క తప్పు వచ్చినా తప్పే. మెమరీ నిలబడకుండా ప్రాసెసర్ వైపు పోతే, తర్వాత వచ్చే ప్రతి క్రాష్‌కూ ఇద్దరు అనుమానితులుంటారు.

4. ఇప్పుడు లోడ్‌లైన్ మధ్య స్థాయిలో పెట్టి, ఏఎండీలో పీబీఓ, కర్వ్ ఆప్టిమైజర్, ఇంటెల్‌లో మల్టిప్లయర్ ఒక్కో మెట్టు కదపండి. మెట్టు మెట్టుకూ ఓసీసీటీ లేదా వై-క్రంచర్ అనే పరీక్ష ప్రోగ్రాము నడపండి. క్రాష్ కాలేదు కదా అని ఆగకుండా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల చిట్టా) కింద చూడండి. 19 నంబరు ఘటన ఉంటే ప్రాసెసర్ తప్పు చేసి తనే దిద్దుకుంది. 18 ఉంటే దిద్దుకోలేక పడిపోయింది. 19 కనిపించిన సెట్టింగు కూడా పనికిరాదు.

5. నచ్చిన సెట్టింగును బయోస్ ప్రొఫైల్‌గా బోర్డులోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ దాచుకోండి. బయోస్ మార్చినప్పుడు చాలా బోర్డుల్లో పాత ప్రొఫైళ్లు పోతాయి లేదా కొత్త బయోస్ వాటిని తీసుకోదు. అందుకని అంకెలను కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి, లేదా బయోస్ తెరలను ఎఫ్12 మీటతో బొమ్మలుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఈ మీట చాలా కంపెనీల బోర్డుల్లో పనిచేస్తుంది.